కోట పోయింది, సత్రం నిలిచింది
గోదావరి పట్టణాల చరిత్ర: పెద్దాపురం

డెల్టా పల్లం ముగిసి మెట్ట మొదలయ్యే చోట పెద్దాపురం ఉంది. కూతవేటు దూరంలో సామర్లకోట, ఆ పైన కాకినాడ రేవు, పడమట రాజమహేంద్రవరం. ఇంత చిన్న ఊరికి ప్రభుత్వ కార్యాలయాలు ఇన్నెందుకున్నాయని కొత్తగా వచ్చినవాళ్లకు అనిపిస్తుంది. రెవెన్యూ డివిజన్ కార్యాలయం, తహసీల్దారు కార్యాలయం, కోర్టులు, పోలీసు సబ్ డివిజన్, పురపాలక సంఘం, మిషన్ బడి, మహారాణి పేరుతో ఒక సత్రం, అదే పేరుతో ఒక కళాశాల అన్నీ ఇక్కడే ఉన్నాయి. వీటి వెనక నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ కాలంలో ఊరిని ఏలినవాళ్లు చాలాసార్లు మారారు, ఊరు మాత్రం ఏలుబడికి కేంద్రంగానే ఉంటూ వచ్చింది. ఒక్కో ఏలుబడి తన అవసరానికి కొన్ని కట్టడాలు కట్టుకుంది, కొన్నింటిని వదిలేసింది, కొన్నింటిని వేరే పనికి మళ్లించింది.

వరసలో మొదటిది కోట. 1571–72లో రాజమహేంద్రవరం గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చాక, గోదావరికి ఉత్తరాన ఉన్న సీమను వాళ్లు స్థానిక ప్రభువుల ద్వారా ఏలారు. ఆ ప్రభువుల్లో వత్సవాయి వారు ముఖ్యులు. చతుర్భుజ తిమ్మరాజు ఈ వంశానికి పెద్దాపురంలో మూలపురుషుడని, కోట ఆయన కట్టించిందేనని వంశచరిత్ర చెబుతుంది. ఆ వంశంవాడే అయిన వత్సవాయి రాయజగపతి వర్మ 1915లో వెలువరించిన ‘పెద్దాపుర సంస్థాన చరిత్రము’ ఈ సంగతులకు నేటికీ పెద్ద ఆధారం. సొంత వంశం గురించి రాసుకున్న పుస్తకం కాబట్టి పొగడ్త ఉన్న చోట కాస్త తగ్గించి చదువుకోవాలి. అయినా సంస్థానం లోపలి విషయాలు అంత వివరంగా మరెక్కడా దొరకవు.

కోట అంటే రాజుగారి ఇల్లు అని మాత్రమే అనుకుంటే ఆ కట్టడం చేసిన పనిలో సగమే తెలుస్తుంది. శిస్తు ధాన్యరూపంలో వచ్చినప్పుడు దాన్ని కొలిచి పోయించే గాదెలు కోటలోనే ఉండేవి. సొమ్ము దాచే ఖజానా, తగవులు తీర్చే చావడి, సిబ్బందీ గుర్రాలూ ఉండే చోటు, దస్త్రాలు రాసే కరణాల గది అన్నీ ఒకే ప్రాకారం లోపల ఉండేవి. కవులూ పండితులూ వచ్చి సభ తీరేది కూడా అక్కడే. భర్తృహరి సుభాషితాలను తెలుగులోకి తెచ్చి ప్రతి బడిపిల్లవాడికీ పరిచయమైన ఏనుగు లక్ష్మణకవి 18వ శతాబ్దంలో ఈ సంస్థానాన్ని ఆశ్రయించుకున్నవాడే. ఈనాడు కలెక్టరు, ట్రెజరీ, కోర్టు, పోలీసు, గిడ్డంగి, టౌన్ హాలు వేరువేరుగా చేస్తున్న పనులన్నీ ఆనాడు ఒక్క గుమ్మంలోంచే సాగేవి.

అందుకే శత్రువుకు కోటే గురి అయ్యేది. 1730ల్లో రాజమహేంద్రవరం ఫౌజుదారుగా వచ్చిన రుస్తుంఖాన్ శిస్తు బకాయిల పేరుతో జమీందారులను నిర్మూలించడానికి పూనుకున్నాడు. పెద్దాపురం రాజును నమ్మించి చంపాడనీ, కోటలోని రాణివాసం శత్రువుకు చిక్కకుండా నిప్పంటించుకుని ప్రాణాలు విడిచిందనీ, ఒక పసివాణ్ణి మాత్రం తప్పించి విజయనగరం చేర్చారనీ చెబుతారు. ఆ కథలోని రాణి రాగమ్మ పేరు పెద్దాపురం వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ పసివాడే పెరిగి తిరిగి సంస్థానం సంపాదించుకున్నాడు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ తలపడ్డారు. విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు పక్షం వహించగా, పెద్దాపురం ప్రభువు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ వైపు నిలిచాడు. ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. 1765లో మొగలు ఫర్మానాతో, మరుసటి ఏడాది నిజాంతో ఒడంబడికతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి.

కోట ప్రాముఖ్యం పోయింది మాత్రం యుద్ధంలో కాదు, కాగితం మీద. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం వచ్చింది. దానితో పాటే న్యాయవిచారణ, పోలీసు అధికారాలు జమీందారుల చేతి నుంచి కంపెనీ చేతికి పోయాయి. జిల్లా కోర్టులు ఏర్పడ్డాయి. జమీందారు సొంత సైన్యం ఉంచుకోవడానికి వీలు లేదు. ఏటా నిర్ణీత గడువుకు పేష్కషు కట్టాలి, కట్టలేకపోతే ఎస్టేటు వేలానికి వెళుతుంది. చావడిలో తగవులు లేవు, బురుజు మీద కాపలాకు పని లేదు. కోట ఒక పెద్ద ఇంటి స్థాయికి, ఆ పైన అప్పులున్న ఇంటి స్థాయికి దిగింది. 1804లో అప్పటి జమీందారు రాయజగపతి చనిపోయాక ఎస్టేటు చాలాకాలం ఆయన రాణుల చేతిలో నడిచింది. ఆ తరవాత బకాయిలు పేరుకుని, 1847లో వేలంలో ప్రభుత్వమే ఎస్టేటును కొనుక్కుంది. ఒకప్పుడు గోదావరి సీమలోని పెద్ద జమీందారీల్లో లెక్కకు వచ్చిన సంస్థానం అలా ముగిసింది.

పని లేని కోటను కాపాడే నాథుడు ఉండడు. ఇటుకా రాయీ మంచివి, ఊరి మధ్యలోనే ఉన్నాయి, అడిగేవాళ్లు లేరు. గోదావరి జిల్లాల్లో పాత కోటల కథ చాలామటుకు ఇదే. సామర్లకోటలోని కోటను 1838లో ప్రభుత్వమే పడగొట్టించింది. రాజమహేంద్రవరంలో కోట గుమ్మం అనే పేరు మిగిలింది, గుమ్మం మిగల్లేదు. పెద్దాపురం కోట కూడా చూసే కట్టడంగా కంటే చెప్పుకునే కథగానే మిగిలింది.

కోట సంగతి ఇలా ఉంటే, అదే వంశం వదిలివెళ్లిన మరో కట్టడానికి వేరే రాత పట్టింది. వత్సవాయి బుచ్చి సీతాయమ్మ జగపతి మహారాణి పెద్దాపురంలో ఒకటి, కత్తిపూడిలో ఒకటి సత్రాలు నెలకొల్పింది. రాయజగపతి రాణుల్లో చివరగా ఎస్టేటు ఏలింది ఈమె. పేష్కషు కట్టడానికే తంటాలు పడుతున్న ఎస్టేటు నుంచి ధర్మానికని భూములు విడదీసి పెట్టడం ముందుచూపో, పుణ్యచింతో, రెండూనో చెప్పడం కష్టం. ఫలితం మాత్రం స్పష్టం. ఎస్టేటు వేలానికి వెళ్లినప్పుడు సత్రం భూములు దానితో పోలేదు. రాజు ఆస్తి అప్పులవాళ్లకు పోయింది, దేవుడికీ బాటసారికీ రాసిన ఆస్తి వాళ్ల పేరునే నిలిచింది.

కత్తిపూడిని ఎన్నుకోవడంలో అర్థముంది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పెద్ద బాట ఆ ఊరి మీదుగానే పోతుంది. రామేశ్వరం నుంచి పూరీ, కాశీ వెళ్లే యాత్రికులు ఈ తీరపు బాట పట్టేవాళ్లు. కాశీయాత్ర ముగించుకుని 1831లో మద్రాసు తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో ఏ మజిలీలో సత్రం ఉంది, ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ సామాను దొరుకుతుంది అన్నది అడుగడుగునా రాసుకున్నాడు. రోజుకు పది పన్నెండు మైళ్లు నడిచే కాలంలో ప్రయాణం సాగాలంటే సత్రం కావాలి. రహదారికి వంతెన ఎంత అవసరమో సత్రమూ అంతే. కంపెనీ ప్రభుత్వం కూడా అలాగే భావించింది. 1817 నాటి మద్రాసు 7వ రెగ్యులేషన్ దేవాలయాలనూ సత్రాలనూ వంతెనలనూ ఒకే గాట కట్టి, వాటి మాన్యాల ఆదాయం దారిమళ్లకుండా చూసే పనిని రెవెన్యూ బోర్డుకు అప్పగించింది.

ఆ రోజుల సత్రం కట్టడానికి సుమారుగా ఒక తీరు ఉండేది. వీధివైపు పొడుగాటి అరుగు, లోపల మండువా, చుట్టూ వసారాలు, వెనక వంటశాల, భోజనశాల, నుయ్యి. పైన గూన పెంకులు, కింద టేకు దూలాలు, గానుగ సున్నంతో కట్టిన గోడలు. అరుగు అందరిదీ, లోపలిది అందరిదీ కాదు. బ్రాహ్మణులకు వండి వడ్డించడం, తక్కినవాళ్లకు బియ్యం పప్పు ఉప్పు కొలిచి సదావర్తిగా ఇవ్వడం, కొందరిని గుమ్మం దగ్గరికే రానివ్వకపోవడం ఆనాటి సత్రాల్లో మామూలు. అన్నదానం అనగానే మనసు కరిగే వాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు. కట్టడం ‘ప్రజలది’ అన్నప్పుడు ఆ ప్రజలెవరన్నది ఒక్కో కాలంలో ఒక్కో తీరుగా ఉండేది. మద్రాసు శాసనసభ 1938లో తెచ్చిన చట్టంతో మొదలుపెట్టి, 1950లో రాజ్యాంగం, 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం కలిసి సత్రాల గుమ్మాలను చట్టం కళ్ల ముందు తెరిచాయి. ఇటుక ఒక్కటి కదలకుండానే ఆ కట్టడాల ఉపయోగంలో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే.

సత్రానికి అంతకు ముందే మరో మార్పు తగిలింది. 1893లో బెజవాడ, వాల్తేరుల మధ్య తీరపు రైలుమార్గం తెరుచుకుని సామర్లకోట స్టేషన్ అయింది. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద హావ్‌లాక్ వంతెన పూర్తయ్యాక మద్రాసు నుంచి పూరీ దాకా రైలు దిగకుండా వెళ్లే వీలు కలిగింది. నడిచే యాత్రికుడు పదేళ్లలో కనుమరుగయ్యాడు. సత్రం అప్పుడే మూతపడాల్సింది. పడలేదు, ఎందుకంటే దాని భూముల మీద ఏటా ధాన్యం వస్తూనే ఉంది, ఆ ధాన్యాన్ని అన్నదానానికే ఖర్చుపెట్టాలని దానపత్రం చెబుతోంది. బాటసారి రాకపోతే అన్నం తినేవాణ్ణి మరొకణ్ణి వెతుక్కోవాలి. ఆంధ్రదేశంలో చాలా సత్రాలకు ఆ లోటు తీర్చింది విద్యార్థులు. పల్లెల నుంచి హైస్కూలు చదువుకు పట్నం వచ్చి, ఇంటింటా వారాలు చేసుకుని చదువుకునే కుర్రవాళ్లకు సత్రం భోజనం పెద్ద అండ. కోర్టు వాయిదాకు వచ్చిన రైతులు, బదిలీ మీద వచ్చి ఇల్లు దొరకని గుమస్తాలు, జాతరలకూ పెళ్లిళ్లకూ వచ్చినవాళ్లు సత్రాల అరుగులెక్కారు. తాలూకా కేంద్రమైన ఊళ్లో ఇలాంటివాళ్లకు కొదవ ఉండదు.

అన్నదానం ఒక మనిషి మీద ఆధారపడినప్పుడు ఏమవుతుందో గోదావరి వాళ్లకు తెలియనిది కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళ కాని వేళలో వచ్చినవాళ్లకు కూడా వండిపెట్టి దేశమంతటా పేరు తెచ్చుకుంది. 1909లో ఆమె పోవడంతో ఆ పొయ్యి కథగా మారింది. బుచ్చి సీతాయమ్మ మహారాణి స్వయంగా వండి వడ్డించిన కథలేవీ లేవు. ఆమె చేసింది భూమి రాసి, లెక్కలు చూసే ఏర్పాటు చేయడం. కీర్తిలో సీతమ్మది పైచేయి, ఆయుర్దాయంలో మహారాణిది.

ఆ ఏర్పాటును చూసుకునే చేతులు మాత్రం మారుతూ వచ్చాయి. రెవెన్యూ బోర్డు అజమాయిషీ తరవాత మద్రాసు రాష్ట్రంలో ఇలాంటి సత్రాలు చాలా వాటిని 1871, 1884 చట్టాల కింద ఏర్పడ్డ స్థానిక బోర్డులకు అప్పగించారు. స్వాతంత్ర్యం తరవాత వరసగా వచ్చిన దేవాదాయ చట్టాలు, ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటిది, దాని స్థానంలో 1987 నాటిది, సత్రాలను దేవాదాయ ధర్మాదాయ శాఖ కిందికి తెచ్చాయి. మహారాణి సత్రం ఆ శాఖ నీడలోనే ఉంది. భూముల సంగతి కూడా ఇదే దారిలో చిక్కుముడి పడింది. 1956 ఇనాముల రద్దు చట్టం, అదే ఏడాది కౌలుదారీ చట్టం, 1987 చట్టంలోని 82వ సెక్షన్ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆ సెక్షన్ ప్రకారం రెండున్నర ఎకరాల మాగాణి, లేదా అయిదెకరాల మెట్టకు మించి సొంతానికున్న కౌలుదారుకు ధర్మసంస్థల భూమి మీద పాత కౌలు చెల్లదు. రైతుకు అది తాతల నాటి కమతం, సత్రానికి అదే అన్నం. ఈ తగువులో ఎవరికి ఎంత న్యాయం ఉన్నదీ పొలం పొలానికీ మారుతుంది. చరిత్రకారుడికి కనిపించేది ఒకటే: ఈ కట్టడం ఆయుష్షు గోడల్లో కంటే శిస్తు పుస్తకాల్లో ఎక్కువ ఉంది.

మహారాణి పేరు సత్రం దాటి చదువుకు కూడా వ్యాపించింది. 1967లో పెద్దాపురంలో డిగ్రీ కళాశాల పెట్టినప్పుడు ఆమె పేరే పెట్టారు. శ్రీ రాజా వత్సవాయి బుచ్చి సీతాయమ్మ జగపతి బహదూర్ మహారాణి కళాశాల అన్న పూర్తి పేరు ఊళ్లో ఎవరూ పలకరు, మహారాణి కాలేజీ అంటే చాలు. అంతకు ముందు ఈ మెట్ట ఊళ్ల పిల్లలు డిగ్రీకి కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకో, రాజమహేంద్రవరానికో పోవాల్సి వచ్చేది. వంశంలో కోట కట్టిన రాజుల పేర్లు పరీక్షకు చదివేవాళ్లకే తెలుసు. సత్రం కట్టిన రాణి పేరు ప్రతి డిగ్రీ పట్టా మీదా ఉంది.

మూడో వరస కట్టడాలు కచేరీలు. 1847లో ఎస్టేటు ప్రభుత్వపరం కావడంతో శిస్తు వసూలు జమీందారు గుమస్తాల నుంచి ప్రభుత్వ ఉద్యోగుల చేతికి వచ్చింది. 1859లో పాత రాజమండ్రి, మచిలీబందరు, గుంటూరు జిల్లాలను కలిపి విడదీసి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. గోదావరి జిల్లాకు కాకినాడ కేంద్రమైంది, పెద్దాపురం తాలూకాకూ డివిజనుకూ కేంద్రమైంది. కోట చేసిన పనులను కచేరీ అందుకుంది. తాలూకా కచేరీ ఆవరణ ఎక్కడైనా ఒకేలా ఉండేది. మధ్యలో తహసీల్దారు హాలు, ఒక పక్క ఇనుపకమ్మీల ఖజానా గది, మరో పక్క దస్త్రాల కొట్టు, వెనక సబ్ జైలు, బయట చెట్టుకింద అర్జీలు రాసేవాళ్లు, స్టాంపు వెండర్లు. తహసీల్దారు శిస్తు వసూలు చేసేవాడు, మేజిస్ట్రేటుగా శిక్ష కూడా వేసేవాడు. మునసబు కోర్టు సివిల్ వ్యాజ్యాలు వినేది. 1901 జనాభా లెక్కల్లో పన్నెండు వేల పైచిలుకు మంది ఉన్న ఊరికి వ్యాపారమంటే పట్టు నేత, చుట్టుపక్కల పంటల బేరం. తక్కిన సందడంతా కచేరీ తెచ్చిపెట్టిందే. ప్లీడర్లు వచ్చి స్థిరపడ్డారు, పూటకూళ్ల ఇళ్లు వెలిశాయి, వాయిదాల రోజు వీధి నిండేది.

ఈ కచేరీల గోడలు నిలిచినా లోపలి గదుల పని నిలవలేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక నేరవిచారణ పూర్తిగా న్యాయశాఖది అయింది. తహసీల్దారుకు శిక్ష వేసే అధికారం మిగల్లేదు. 1984లో కరణాల, మునసబుల పదవులు రద్దయి వాళ్ల ఇళ్లలో ఉన్న ఊరి లెక్కలు కట్టలు కట్టలుగా కచేరీకి చేరాయి. దస్త్రాల గది అంత పెద్ద వరద ఎన్నడూ చూసి ఉండదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తహసీల్దారు మండల రెవెన్యూ అధికారి అయ్యాడు, రెండు దశాబ్దాల తరవాత తిరిగి తహసీల్దారే అయ్యాడు. పేరు తిరిగొచ్చినా తాలూకా తిరిగి రాలేదు. అడంగల్, డైగ్లాట్ వంటి భూమి రికార్డులు కంప్యూటరులోకి ఎక్కాక నకళ్ల కోసం వచ్చేవాళ్లు తగ్గారు, అర్జీ పట్టుకుని సోమవారం వచ్చేవాళ్లు మాత్రం తగ్గలేదు. 1925లో తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్ 4న కాకినాడ జిల్లా ఏర్పడినా పెద్దాపురం డివిజను కేంద్రంగానే ఉంది. మూడు జిల్లాల పేర్లు బోర్డు మీద మారాయి, జనం వచ్చే దారి మారలేదు.

పని పోయినా కట్టడం నిలవచ్చని సామర్లకోట బారకాసులు చూపిస్తాయి, అయితే కొంతకాలమే. కంపెనీ అక్కడ 1786లో సైన్యానికి బారకాసులు కట్టించింది. 1860ల చివరికి వాటిని ఖాళీ చేశారు. 1879లో రంప పితూరీ చెలరేగడంతో పాత బారకాసులకు మళ్లీ సిపాయిలు వచ్చారు, 1893 దాకా ఉన్నారు. సైన్యం వెళ్లిపోయిన ఏడే రైలు వచ్చింది. ఆ తరవాత సామర్లకోట జంక్షన్‌గా, పంచదార మిల్లు ఊరుగా ఎదిగింది, దండు ఊరన్న సంగతి చాలామందికి గుర్తు లేదు.

పెద్దాపురంలో మిషన్ కట్టడాలది ఇంకో దారి. రాజమహేంద్రవరం చుట్టుపక్కల లూథరన్ మిషనరీలు 1840ల నుంచి పనిచేశారు. 1869లో ఆ క్షేత్రం అమెరికా లూథరన్ జనరల్ కౌన్సిల్ చేతికి వచ్చింది. పెద్దాపురం వాళ్ల ముఖ్య స్థావరాల్లో ఒకటి, ఇక్కడి వాళ్ల ఉన్నత పాఠశాల మెట్ట తాలూకాల పిల్లలకు ఇంగ్లీషు చదువు దగ్గరికి తెచ్చింది. అగ్రహారం పిల్లలూ పేట పిల్లలూ ఒకే గదిలో కూర్చోవడం చాలామంది మొదట చూసింది ఇలాంటి బళ్లలోనే. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడి ఆస్తులు క్రమంగా మిషనరీల నుంచి స్థానిక సంఘానికి చేరాయి. బడి బడిగానే ఉండడం వల్ల ఈ కట్టడాలకు పెద్ద ఒడుదొడుకులు రాలేదు. అయితే ఏ ఊరి బడి అయినా బడి ఒక్కటే కాదు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచి బడిగదులే పోలింగు కేంద్రాలు, తుపాను వస్తే పెంకుటిళ్ల వాళ్లు తలదాచుకునేది బడి వరండాలోనే. 1996 నవంబరు తుపాను నాటి సంగతులు ఈ జిల్లాలో నడివయసు దాటిన ఎవరినడిగినా చెబుతారు.

పురపాలక సంఘం 1915లో ఏర్పడింది. అంతకు ముందు వీధి దీపాలూ పారిశుధ్యమూ స్థానిక బోర్డుల పద్దులో ఉండేవి. ఊరికి సొంతంగా పన్ను వేసి సొంతంగా ఖర్చుపెట్టుకునే కార్యాలయం వచ్చింది అప్పుడే. జమీందారు కోటలో ప్రజలు చేతులు కట్టుకుని నిలబడ్డారు, కచేరీలో అర్జీ పట్టుకుని నిలబడ్డారు, మునిసిపల్ ఆఫీసులో మొదటిసారి కౌన్సిలర్ని నిలదీశారు. ఓటుహక్కు ఆనాడు పన్ను కట్టే కొద్దిమందిదే, నిలదీసినవాళ్లూ వాళ్లే. ఇప్పుడు యాభై వేలకు దగ్గరపడ్డ జనాభాకు ఆ ఒక్క కార్యాలయం చాలక, 2019 అక్టోబరులో రాష్ట్రమంతటా వచ్చిన వార్డు సచివాలయాలు ఆ పనిని వీధుల్లోకి పంచాయి. జనన మరణ పత్రాలు, ఇంటిపన్ను, పింఛను ఇప్పుడు పక్కవీధి గదిలోనే దొరుకుతాయి. పాత కార్యాలయాల హాళ్లు వెలితిపడటం కూడా దీంతోనే మొదలైంది.

ఈ కట్టడాలకు ఇప్పటి ముప్పు యుద్ధం వల్ల కాదు, మరమ్మతు వల్ల. గానుగ సున్నం గోడ గాలి పీల్చుకుంటుంది, లోపలి చెమ్మ బయటికి పోతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే నిలిచి ఇటుక పొడిపొడి అవుతుంది. పైకి బాగుచేసినట్టు కనిపించే గోడ పదేళ్లలో శిథిలమంటూ ధ్రువీకరణ పొందుతుంది. ఆ పైన టేకు దూలాలు వేలంలో పోతాయి, ఆ స్థలంలో కాంక్రీటు గదులు లేస్తాయి. సామర్లకోట కుమారారామ భీమేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి దాని రాయి మీద ఎవరూ సిమెంటు పూయలేరు. పెద్దాపురంలోని సత్రం, కచేరీ, బడులు దేవాలయాలూ కావు, శాసనాలున్న కట్టడాలూ కావు. కేంద్ర చట్టం నూరేళ్లు నిండిన కట్టడాన్ని ప్రాచీనమని పరిగణిస్తుంది, కానీ నూరేళ్లు నిండినంత మాత్రాన ఎవరూ వచ్చి బోర్డు పెట్టరు. ఊళ్లోని పాండవుల మెట్ట గుహలకు పర్యాటకులు వస్తారు. రెవెన్యూ రికార్డుల గదిని చూడ్డానికి ఎవరూ రారు.

నిజానికి ఈ కట్టడాలను మ్యూజియంలుగా మార్చనక్కర్లేదు. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన కాటన్ పేరిట మ్యూజియం బాగానే ఉంది, ప్రతి ఊరికీ ఒక కాటన్ ఉండడు. పెద్దాపురంలో నిలిచిన ప్రతి కట్టడమూ పనిలో ఉండటం వల్లే నిలిచింది, పోయినదల్లా పని పోవడం వల్ల పోయింది. కాబట్టి పని ఉంచాలి, మరమ్మతుకు సున్నం వాడాలి, కొత్త భవనం కావాలంటే పాతదాని పక్కన కట్టాలి. ఎంత చేసినా కొన్ని కూలకమానవు. కూల్చే ముందు కొలతలు వేసి, ఫొటోలు తీసి, ఏ ఏడు ఏ పనికి వాడారో రాసి పురపాలక కార్యాలయంలో దస్త్రంగా ఉంచడం పెద్ద ఖర్చు కాదు. కోటకు అలాంటి దస్త్రం ఒకటి ఉండి ఉంటే దాని గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఈనాడు తగవులు పడాల్సిన పని ఉండేది కాదు. పెద్దాపురం కుటుంబాల దగ్గర ఉన్న పాత దస్తావేజులు, కోర్టు కాగితాలు, సత్రం రసీదులు, బడి గ్రూపు ఫొటోలు తుక్కుకు వేయకుండా ఒక నకలు మహారాణి కళాశాల గ్రంథాలయానికి ఇస్తే, ఈ ఊరి తదుపరి చరిత్ర రాసేవాళ్లకు ఆ పని సులువవుతుంది.